ఓడాక మిగిలిన రెండు వారాలు

ఆ ఆదివారం సాయంత్రం మా కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టు అమ్మాయిలు పధ్నాలుగు మందీ వీడియో రూంలో కూర్చుని టీవీ చూస్తున్నారు. మార్చిలో జరిగే పెద్ద టోర్నమెంట్‌కి దేశం మొత్తం మీద ఏయే కాలేజీ జట్లను పిలిచారో ఒక్కొక్క పేరే చదువుతున్నారు. మా పేరు రాదని అందరికీ తెలుసు. ఎనిమిది రోజుల క్రితమే, చుట్టుపక్కల కాలేజీలు కలిసి ఆడే మా కాన్ఫరెన్స్ ఫైనల్లో ఒక్క పాయింటు తేడాతో ఓడిపోయాం. మాలాంటి చిన్న కాన్ఫరెన్స్‌లో గెలిచిన జట్టొక్కటే పెద్ద టోర్నమెంట్‌కి వెళ్తుంది. రెండోవాళ్లు ఇంటికి వెళ్తారు. అయినా ఎవరూ లేవలేదు. ఆఖరి పేరు కూడా చదివేశాక ఎవరో రిమోట్ తీసుకుని సౌండ్ ఆపేశారు.

నేను ఆ జట్టుకి అథ్లెటిక్ ట్రైనర్‌ని. ఈ మాట చెబితే మనవాళ్లలో చాలామంది జిమ్‌లో బరువులెత్తించే పని అనుకుంటారు. ప్రాక్టీసుకి ముందు చీలమండలకి టేపు చుట్టడం, ఎవరైనా పడితే అందరికంటే ముందు కోర్టులోకి పరుగెత్తడం, ఎవరు ఆడవచ్చో ఎవరు ఆడకూడదో చెప్పడం, ఇదీ నా పని. విజయవాడలో ఫిజియోథెరపీ చదివాను. అమెరికా వచ్చి మాస్టర్స్ చేసి, వర్జీనియా కొండల మధ్య ఉన్న ఈ స్టేట్ యూనివర్సిటీలో చేరాను. మా ఆయన ఆష్‌బర్న్‌లో ఒక డేటా సెంటర్‌లో పనిచేస్తాడు. వారాంతాల్లో ఇద్దరిలో ఎవరో ఒకరం రెండు గంటలు డ్రైవ్ చేసుకుని రెండోవాళ్ల దగ్గరికి వెళ్తాం.

కోచ్ లోపలికి వచ్చి టీవీ ముందు నిలబడింది. నలభై దాటిన మనిషి, ఒకప్పుడు తనూ బాగా ఆడింది. ఆవిడ ఈ కాలేజీకి వచ్చి నాలుగేళ్లు. మొదటి రెండేళ్లూ గెలిచిన ఆటలు వేళ్ల మీద లెక్కపెట్టేటట్టు ఉండేవి. ఆవిడ చెప్పింది చాలా చిన్న మాట. పెద్ద టోర్నమెంట్‌లో చోటు దొరకని జట్ల కోసం ఇంకో టోర్నమెంట్ ఉంది, వాళ్లు ఫోన్ చేశారు, ఆడతామంటే గురువారం మొదటి ఆట మన దగ్గరే, ఓడితే అక్కడితో ఆఖరు, ఏడింటిలోపు జవాబు చెప్పాలి. ఆడాలో వద్దో తను చెప్పనంది. ఆడేది మీరు గనుక మీరే తేల్చుకోండని చెప్పి బయటికి వెళ్లి తలుపు వేసుకుంది.

నేనూ బయటికి వెళ్లాల్సింది. గోడ పక్కన నిలబడిపోయాను.

ఒకమ్మాయి తనకి ఇంటికి టికెట్ బుక్ అయిపోయిందని చెప్పింది. ఇంకొకమ్మాయి, అది ఓడిపోయినవాళ్ల టోర్నమెంట్ కదా, గెలిచినా ఏం గెలిచినట్టు అంది. అప్పుడు మా కెప్టెన్ లేచింది. ఆఖరి సంవత్సరం పిల్ల, కోర్టులో బంతిని నడిపించే పాయింట్ గార్డ్, నాలుగేళ్లుగా ఈ జట్టుని భుజాన మోసిన పిల్ల. ఫైనల్లో ఆఖరి సెకన్లలో ఎవరూ అడ్డురాకుండా వేసే ఫ్రీ త్రో పోగొట్టింది తనే.

"మీలో చాలామందికి వచ్చే ఏడాది ఉంది. నాకు లేదు," అంది. "ఇంకొక్క ఆట ఉందంటే దాన్ని ఏ పేరుతో పిలిచినా నాకు ఫరవాలేదు. నేను ఆడతాను."

చేతులు లేచాయి. టికెట్ బుక్ అయిన పిల్ల కూడా చెయ్యెత్తింది. కెప్టెన్ నా వైపు ఒక్క క్షణం చూసి చూపు తిప్పుకుంది. ఆ చూపుకి అర్థం ఆ గదిలో మా ఇద్దరికే తెలుసు.

ఫైనల్‌కి ఐదు రోజుల ముందు ఆ పిల్ల నా గదికి వచ్చింది. ఎడమ మోకాలి కింద, ముందు ఎముక మీద ఒకచోట నొప్పి అంది. వేలితో చూపించమంటే సరిగ్గా ఒక్కచోటే చూపించింది. కండరాల నొప్పయితే కాలు పొడవునా పాకుతుంది. ఒక్క చుక్క దగ్గర నొప్పి అంటే ఎముకని అనుమానించాలి. ఆ కాలు మీద మూడుసార్లు గెంతమన్నాను. రెండుసార్లు గెంతి ఆగింది. ముఖం మారింది. సరిగ్గా దిగలేదు, అంతే అంది. మళ్లీ గెంతమని నేను అడగలేదు.

"ప్లీజ్, ఎవరికీ చెప్పకండి. ఐదు రోజులే," అంది.

సరేనన్నాను. రికార్డులో షిన్ స్ప్లింట్స్ అని రాశాను. సీజన్ చివర్లో సగం మందికి ఉండే మామూలు నొప్పి అది. ఐస్ పెట్టాను, టేపు చుట్టాను. ఎందుకలా చేశావని ఎవరైనా అడిగితే చెప్పడానికి నాకు చాలా కారణాలున్నాయి. ఆ పిల్ల బతిమాలింది. కోచ్ కాంట్రాక్టు ఆ వసంతంలోనే తేలాలి. అమ్మాయిల జట్టు మీద ఎంత శ్రద్ధ పెట్టాలో మళ్లీ ఆలోచిస్తున్నామని పైవాళ్లు మీటింగుల్లో అంటున్నారు. నా హెచ్ వన్ ఎక్స్‌టెన్షన్ కాగితాలు ఇంకా హెచ్‌ఆర్ దగ్గరే ఉన్నాయి. ఇవన్నీ నిజమే. కానీ అసలు సంగతి అంతకంటే చిన్నది. నాకూ గెలవాలని ఉంది. నాలుగేళ్లుగా ఆ కాళ్లకి టేపు చుట్టిన చేతులు నావి.

ఫైనల్లో తను పోగొట్టిన ఆ ఫ్రీ త్రో రింగు ముందు అంచుకి తగిలి కింద పడింది. కాళ్లలో బలం తగ్గితే బంతి అలాగే అందకుండా పడుతుంది. ఆ సంగతి జట్టులో ఎవరూ అనలేదు. నేను మాత్రం ఆ ఎనిమిది రోజులూ అదే అనుకుంటూ ఉన్నాను.

సోమవారం నుంచి మళ్లీ ప్రాక్టీసు మొదలైంది. బయటివాళ్లకి తెలియని విషయం ఒకటుంది. సీజన్ ముగిసిన జట్టుకి కోచ్‌తో ప్రాక్టీసు ఆగిపోతుంది. ఆట ఉంటేనే ప్రాక్టీసు ఉంటుంది. ఆ ఫోన్ రాకపోతే ఆ సోమవారం జిమ్ తాళం వేసి ఉండేది. సీజన్ మధ్యలో వారానికి రెండు ఆటలు, ప్రయాణాలు, చదువులు. కొత్త పిల్లలకి ఏదైనా నేర్పడానికి తీరికే ఉండదు. ఇప్పుడు కోచ్‌కి వరసగా మూడు రోజులు దొరికాయి. పక్క రాష్ట్రంలో గనుల ఊరి నుంచి వచ్చిన రెండో ఏడాది పిల్ల ఒకతి మాకుంది. పొట్టిగా, చురుగ్గా ఉంటుంది. సీజన్ మొత్తంలో గెలుపు ఖాయమయ్యాక చివరి రెండు మూడు నిమిషాలు తప్ప ఎప్పుడూ ఆడలేదు. ఆ మూడు రోజులూ కోచ్ ఆ పిల్లని కెప్టెన్‌కి ఎదురుగా నిలబెట్టింది. కెప్టెన్ చేతిలో ఆ పిల్ల గంటకి ఇరవైసార్లు బంతి పోగొట్టుకుంది. ఇరవై ఒకటోసారి మళ్లీ తెచ్చుకునేది. నేను వాళ్లిద్దరినీ చూడాల్సింది పోయి కెప్టెన్ ఎడమ కాలి మేజోడునే చూస్తూ కూర్చున్నాను.

ఆ వారమే నాన్న నా దగ్గరికి వచ్చాడు. అమ్మా నాన్నా మమ్మల్ని చూడటానికి ఇండియా నుంచి వచ్చి ఉన్నారు, అమ్మ శాంటా క్లారాలో అక్క దగ్గర ఉంది. నాన్న ఆష్‌బర్న్‌లో మా ఆయనతో ఉంటూ, ఆయన ఆఫీస్‌కి వెళ్లాక అపార్ట్‌మెంట్ల చుట్టూ నడిచి నడిచి విసిగిపోయాడు. నాన్న పల్నాడులో జిల్లా పరిషత్ హైస్కూల్లో ముప్పై ఏళ్లకి పైగా డ్రిల్ మాస్టారు. కబడ్డీ, ఖోఖో, వాలీబాల్ నేర్పాడు. బాస్కెట్‌బాల్ గురించి పెద్దగా తెలియదు. గురువారం ఆట ఉందంటే, నేనూ వస్తానన్నాడు.

మా ఆటలు జరిగే పెద్ద ఎరీనాని ఆ వారం వ్యవసాయ యంత్రాల ప్రదర్శనకి ముందే ఇచ్చేశారు. మేం మార్చి మూడో వారంలో కూడా ఆడతామని ఎవరనుకున్నారు? కాబట్టి ఆట పాత జిమ్‌లో పెట్టారు. చెక్క బెంచీలు, తక్కువ ఎత్తు పైకప్పు, గోడకి చేరేసినట్టుండే కోర్టు. పెద్ద ఎరీనాలో మా ఆటకి వచ్చేవాళ్లు మూలకో నలుగురు కూర్చున్నట్టు కనబడేవాళ్లు. ఆ సాయంత్రం అదే జనం, ఇంకాస్త ఎక్కువ జనం, ఆ చిన్న జిమ్‌లోకి వచ్చేసరికి మెట్ల మీద కూడా చోటు లేకపోయింది. ఊళ్లో ఇంకే ఆటా లేదు. హాస్టల్ పిల్లలు వచ్చారు, బార్బర్ షాపు ముసలాయన వచ్చాడు, చుట్టుపక్కల హైస్కూల్ జట్లు కోచ్‌లతో సహా వచ్చాయి. చప్పుడు పైకప్పుకి కొట్టుకుని మళ్లీ మా మీదే పడుతోంది. టైమౌట్‌లో కోచ్ మాట పిల్లలకి వినబడక బోర్డు మీద రాసి చూపించాల్సి వచ్చింది.

నాన్నని బెంచీ వెనక మూడో వరసలో కూర్చోబెట్టాను. ఆట ఎలా సాగిందో నాకు సరిగ్గా గుర్తు లేదు. కెప్టెన్ ఎన్నిసార్లు ఎగిరిందో, ఎలా దిగిందో గుర్తుంది. మొదటి సగంలో బాగానే దిగింది. మూడో క్వార్టర్‌లో రింగుకి తగిలి వెనక్కొచ్చిన బంతికి ఎగిరి, కుడికాలు ముందు ఆనించి, ఎడమ కాలు తర్వాత మెల్లగా దించింది. ఆ తర్వాత ప్రతిసారీ అంతే. బంతి ఎటు పోతోందో అందరూ అటు చూస్తున్నారు. నేను లేచి కోచ్ చెవిలో ఒక్క మాట చెబితే చాలు. బెంచీ అంచు పట్టుకుని కూర్చున్నాను. నాలుగో క్వార్టర్‌లో మూడు నిమిషాలుండగా తను ఇద్దరి మధ్య పడిపోయింది. నేను సగం దూరం పరుగెత్తాను. తను చెయ్యి అడ్డం పెట్టి, వద్దన్నట్టు తల ఊపి, కుడికాలి మీద బలం వేసి లేచింది. జిమ్ మొత్తం లేచి చప్పట్లు కొట్టింది. నేను వెనక్కి వచ్చి కూర్చున్నాను.

నాలుగు పాయింట్లతో గెలిచాం. పిల్లలు ఒకరి మీద ఒకరు పడుతున్నారు. నేను టేపు చుట్టలు సంచిలో సర్దుకున్నాను.

నాన్నని కార్‌లో ఎక్కించుకుని ఇంటికి బయల్దేరాను. మొదటి సిగ్నల్ దగ్గర ఆగాక నాన్న అన్నాడు.

"మీ కెప్టెనమ్మాయి ఎడమ కాలు దాచుకుంటోందమ్మా."

నేను ఎర్రలైటు వైపే చూస్తున్నాను.

"ఎగిరేది రెండు కాళ్ల మీద. దిగేది కుడికాలి మీద. సగం ఆట నించీ అంతే. నువ్వు చూశావా?"

"చూశాను నాన్నా."

"ఇవాళేనా చూడటం?"

అబద్ధం చెప్పవచ్చు. చెప్పలేకపోయాను. రెండు వారాలు దాటిందన్నాను. పచ్చలైటు పడింది, వెనక కారు హారన్ కొట్టింది. పార్కింగ్‌లో ఇంజన్ ఆపాక నాన్న సీట్ బెల్ట్ తీసుకుంటూ అన్నాడు.

"నీ చదువు నాకు లేదు. ఏ నొప్పి ఏమిటో నీకే తెలుసు. నేను చెప్పేది ఒకటే. చూసినదాన్ని చూడలేదని మాత్రం రాయొద్దు."

నేను రికార్డులో ఏం రాశానో నాన్నకి తెలియదు. ఏదో మామూలుగా అన్న మాట అది. నాకు మాత్రం ఆ స్టీరింగ్ మీద నుంచి చేతులు తీయడానికి కాసేపు పట్టింది.

శుక్రవారం ఉదయం ఎనిమిదింటికి కెప్టెన్‌ని నా గదికి రమ్మని మెసేజ్ పెట్టాను. మళ్లీ గెంతమన్నాను. గెంతనంది. అక్కర్లేదు, బాగానే ఉందంది. అప్పుడు నేను ఇక ఆపుతున్నానని చెప్పాను. స్కాన్ తీసి, డాక్టర్ చూసేదాకా కోర్టులో అడుగు పెట్టడానికి లేదన్నాను.

"మీరు నాకు మాటిచ్చారు."

"ఇచ్చాను. ఇవ్వకుండా ఉండాల్సింది."

తను ఏడవలేదు. అరవలేదు. బూటు లేసులు ఊడదీసి మళ్లీ కట్టుకుంది. స్కాన్‌కి నేనే డ్రైవ్ చేసి తీసుకెళ్లాను. వెనక సీట్లో కూర్చుంది. మధ్యాహ్నం రెండు గంటలకి మా టీమ్ డాక్టర్ ఫోన్ చేశాడు. ముందు ఎముకలో పగులు, సగం లోతు దాకా వెళ్లింది. ఆ చోట వచ్చే పగులు అంత తేలిగ్గా మానదు, ఇంకొక్కసారి గట్టిగా దిగితే ఎముక పూర్తిగా విరగవచ్చని చెప్పాడు. నిన్న ఈ పిల్ల ఎంతసేపు ఆడిందని అడిగాడు. దాదాపు ఆట మొత్తం అన్నాను.

కోచ్ ఆఫీస్‌కి వెళ్లాను. ఆదివారం రెండో ఆట, ఒహాయోలో. శనివారం ఉదయం బస్సు. నేను చెప్పింది విని ఆవిడ లేచి తలుపు వేసింది.

"ఆదివారం ఒక్కటి ఆడనీ," అంది. "ఆ తర్వాత నువ్వేం చెబితే అది. నేను తనని ఎక్కువసేపు ఆడించను."

"ఆడటానికి లేదు. ఒక్క నిమిషం కూడా."

"రెండు వారాల కింద షిన్ స్ప్లింట్స్ అని నువ్వే రాశావు. నేను చదివాను. అప్పుడు లేనిది ఇప్పుడెలా వచ్చింది?"

రూల్ ప్రకారం ట్రైనర్ ఆపితే కోచ్ కాదనడానికి లేదు. రూలు చెప్పి బయటికి వచ్చేయవచ్చు. కానీ ఆవిడ అడిగిన ప్రశ్న న్యాయమైనది. అప్పుడూ ఉందని, నాకు అనుమానం వచ్చిందని, మళ్లీ గెంతించి చూడలేదని, తేలిక మాట రాసి ఊరుకున్నానని చెప్పాను. ఆవిడ కుర్చీలో కూర్చుంది. కోపంతో ఎర్రబడిన ముఖం నెమ్మదిగా పాలిపోయింది. తన చేతుల్లో ఆ పిల్ల కాలు విరిగి ఉండేదని ఆవిడకి అప్పుడు అందింది కాబోలు.

"ఇప్పుడు నువ్వు వెళ్లు," అంది.

అక్కడి నుంచి తిన్నగా మా విభాగం డైరెక్టర్ గదికి వెళ్లాను. అదే సంగతి మళ్లీ చెప్పాను. రికార్డు సరిచేసి, ఎప్పుడు ఏం చూశానో ఉన్నదున్నట్టు రాసి సంతకం పెట్టాను. ఎక్స్‌టెన్షన్ సంగతి ఏమవుతుందో అడగాలనిపించింది, అడగలేదు. ఆయన కాగితం తీసుకుని, సీజన్ అయ్యాక మాట్లాడుకుందాం, అప్పటిదాకా నీ ప్రతి రికార్డూ నాకు పంపు అన్నాడు. ఇంటికొచ్చి నాన్నకి చెప్పాను. ఉద్యోగం పోతుందా అని అడిగాడు. తెలియదన్నాను. లేచి వెళ్లి రెండు కప్పుల టీ పెట్టాడు.

నాలుగింటికి ప్రాక్టీసులో కోచ్ బంతిని రెండో ఏడాది పిల్ల చేతిలో పెట్టింది. ఆదివారం మొదటి నిమిషం నుంచి నువ్వే అంది. ఆ పిల్ల బంతిని పొట్టకి హత్తుకుని అలాగే నిలబడిపోయింది.

శనివారం బస్సులో ఆరు గంటలు ఎవరూ నాతో మాట్లాడలేదు. కెప్టెన్ ఊతకర్రలు పక్కన పెట్టుకుని ముందు సీట్లో, కిటికీ వైపు తిరిగి కూర్చుంది. జట్టు మొత్తానికి నేను చేసిందేమిటో తెలుసు. ఎందుకు చేశానో సగం మందికే తెలుసు. టేపు చుట్టించుకోవడానికి కాళ్లు చాపేవాళ్లు, థాంక్స్ అనేవాళ్లు, అంతే.

ఆదివారం మధ్యాహ్నం మొదటి క్వార్టర్ ఘోరంగా నడిచింది. కెప్టెన్ బదులు దిగిన ఆ చిన్నపిల్ల మొదటి ఐదు నిమిషాల్లో నాలుగుసార్లు బంతి పోగొట్టింది. పధ్నాలుగు పాయింట్లు వెనకబడ్డాం. అవతలి జనం నవ్వడం వినబడుతోంది. కోచ్ ఆ పిల్లని బయటికి తీస్తుందనుకున్నాను. తీయలేదు. తీసినా ఆ చోట్లో ఆడించడానికి ఇంకెవరూ లేరు. ప్రతిసారీ బంతి పోయినప్పుడు ఆ పిల్ల బెంచీ వైపు చూసేది. నేను తల దించుకునేదాన్ని. ఈ ఆట పోతే అది నా వల్లే పోతుందని ఆ బెంచీ మీద ఉన్నవాళ్లందరూ అనుకుంటున్నారనిపించింది.

రెండో క్వార్టర్ మొదలయ్యే ముందు కెప్టెన్ ఊతకర్రలు తీసుకుని లేచింది. బెంచీ చివర నుంచి ఒక్కొక్కరినీ దాటుకుంటూ వచ్చి కోచ్ పక్క కుర్చీలో కూర్చుంది. చిన్నపిల్లని పిలిచి మోకాలి మీద చెయ్యి వేసి ఏదో చెప్పింది. నాకు కాస్తే వినబడింది. "వాళ్ల పొడుగమ్మాయి ఎడమ పక్కకి ఆలస్యంగా తిరుగుతుంది. నువ్వు నాలా ఆడకు. నీకంటే నేను నెమ్మది."

ఆ తర్వాత బంతి చేతిలో ఉన్నప్పుడల్లా ఆ పిల్ల ఎడమ పక్కకే పోయింది. పోగొట్టడం ఆగలేదు, తగ్గింది. హాఫ్‌టైమ్‌కి వెనకబాటు ఏడు పాయింట్లు. మూడో క్వార్టర్ చివర రెండు. హాఫ్‌టైమ్‌లో లాకర్ రూంలో కోచ్ మాట్లాడి ముగించాక కెప్టెన్ బోర్డు తీసుకుని, కర్ర చంకలో పెట్టుకుని, ఇంకో నిమిషం చెప్పింది. నాలుగేళ్లలో నేను తనని అలా ఎప్పుడూ చూడలేదు. ఆడేటప్పుడు తను మాటల మనిషి కాదు. తనకి తెలిసినదంతా కాళ్లతోనే చేసేసేది. కూర్చోబెట్టాక ఆ తెలివి నోటికి వచ్చింది.

చివరి నిమిషంలో ఒక్క పాయింటు ముందున్నాం. చిన్నపిల్ల ఎడమ పక్కకి దూసుకెళ్లి, ఇద్దరు మీదికొస్తే మూలన ఉన్న అమ్మాయికి బంతి అందించింది. ఆ అమ్మాయి వేసింది. మూడు పాయింట్లు ముందుకి వెళ్లాం. అవతలివాళ్లు ఆఖరున విసిరిన బంతి రింగు చుట్టూ తిరిగి బయటపడింది. మా పిల్లలు కోర్టులోకి పరుగెత్తారు. కెప్టెన్ కుర్చీలోనే ఉంది. నేను తన కాలికి ఎవరూ తగలకుండా ముందు నిలబడ్డాను. తను నా వీపు వైపు చూసిందో లేదో నాకు తెలియదు.

గురువారం మూడో ఆట మళ్లీ మా దగ్గర. ఎరీనా ఖాళీ అయింది, అయినా కోచ్ పాత జిమ్మే కావాలని పట్టుబట్టింది. ఒక గంట ముందే జనం నిండిపోయారు. పదకొండు పాయింట్లతో ఓడిపోయాం. అవతలివాళ్లు మాకంటే మంచి జట్టు, దాచేదేం లేదు. ఆట అయ్యాక కూడా జనం లేచి నిలబడి పిల్లలు లోపలికి వెళ్లేదాకా చప్పట్లు కొట్టారు. నాన్న కూడా నిలబడ్డాడు. కార్‌లో అన్నాడు, తమ రోజుల్లో జోనల్ పోటీల్లో ఓడితే ఆ మధ్యాహ్నం బస్సే ఎక్కేవాళ్లమని. "ఎందుకు ఓడామో పిల్లలకి అప్పుడే తెలిసేది. తెలిసినదాన్ని వాడటానికి ఇంకో ఆట ఉండేది కాదు. మళ్లీ ఏడాదికి సగం మంది బడే మానేసేవాళ్లు."

ఏప్రిల్‌లో నాకు లిఖితపూర్వకంగా హెచ్చరిక వచ్చింది. ఒక సీజన్ పాటు నా నిర్ణయాలన్నీ ఇంకో ట్రైనర్ చూసి సంతకం పెట్టాలన్నారు. ఉద్యోగం ఉంచారు, నేనే వచ్చి చెప్పానని ఆ కాగితంలో ఒక లైను ఉంది. ఎక్స్‌టెన్షన్ వచ్చింది. కోచ్ కాంట్రాక్టు పొడిగించారు. పాత జిమ్ ఆటలు రెండూ చూసిన ఒక పై అధికారి, ఈ జట్టుకి జనం లేరని ఎవరన్నారు అని మీటింగులో అడిగాడట. పక్క కౌంటీ హైస్కూల్ నుంచి మొదటి ఆటకి వచ్చిన ఒక పొడుగమ్మాయి ఆ వేసవిలో మా కాలేజీలో చేరతానని ఉత్తరం రాసింది.

కెప్టెన్‌కి ఎముకలో రాడ్ వేశారు. ఆపరేషన్‌కి వాళ్లమ్మ వచ్చింది. నేను ఆసుపత్రికి వెళ్తే ఆవిడ నన్ను గదిలోకి రానివ్వలేదు. వరండాలో నిలబెట్టి, రెండు వారాలు ఎందుకు ఊరుకున్నావని అడిగింది. నేను చెప్పగలిగిందంతా చెప్పాను. ఆవిడ విని, తలుపు వేసుకుంది. నేను ఇంకాసేపు అక్కడే నిలబడి వచ్చేశాను. ఆవిడ స్థానంలో ఉంటే నేనూ అదే చేసేదాన్ని.

మరుసటి సీజన్‌లో మా జట్టు ఆడిన తీరు చూసినవాళ్లు, ఈ చిన్నపిల్ల ఇన్నాళ్లూ ఎక్కడుందని అడిగారు. అక్టోబర్‌లో మొదటి ప్రాక్టీసుకి వచ్చినప్పటికే ఆ పిల్ల బెంచీ వైపు చూడటం మానేసింది. తనతోపాటు ఆ మార్చిలో నిమిషాలు దొరికిన ఇంకో ముగ్గురు కూడా అంతే. ఆ తర్వాతి మార్చిలో కాన్ఫరెన్స్ ఫైనల్ గెలిచాం, పెద్ద టోర్నమెంట్‌కి వెళ్లాం. అక్కడ మొదటి ఆటలోనే చిత్తుగా ఓడాం. అయినా విమానాశ్రయంలో మమ్మల్ని చూడటానికి ఊరు నుంచి రెండు స్కూల్ బస్సుల జనం వచ్చారు.

కెప్టెన్ మాస్టర్స్ కోసం ఇక్కడే ఉండి, ఆ సీజన్ మొదట్లోనే జట్టులో సహాయ కోచ్‌గా చేరింది. మొదటి నెలంతా నాతో పని మాట తప్ప వేరే మాట లేదు. నవంబర్‌లో ఒక రోజు ప్రాక్టీసు మధ్యలో కొత్తగా చేరిన పిల్లని చెయ్యి పట్టుకుని నా గదికి తీసుకొచ్చింది. ఆ పిల్ల, ఏమీ లేదు, కొంచెం పట్టేసిందంతే అంటోంది. కెప్టెన్ తనని టేబుల్ మీద కూర్చోబెట్టింది.

"ఏమీ లేదని తను చెబుతుంది. మీరు నమ్మకండి," అంది నాతో.

తలుపు దాకా వెళ్లి ఆగింది. వెళ్లిపోతుందనుకున్నాను. వెనక్కి వచ్చి, గోడ దగ్గరున్న స్టూలు లాక్కుని, నేను పరీక్ష మొత్తం ముగించి రికార్డు రాసేదాకా అక్కడే కూర్చుంది.